ఎంసీబీకి కనపడని వేడి

ఈ వారం ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ పెరిగితే వేడి పెరుగుతుందా, తగ్గుతుందా?

కిందికి స్క్రోల్ చేసే ముందు మనసులో ఒక జవాబు అనేసుకోండి.

పెరుగుతుందనుకున్న వాళ్ల దగ్గర ఒక ఫార్ములా ఉంది. పవర్ అంటే కరెంటు స్క్వేర్ ఇంటూ రెసిస్టెన్స్. రెసిస్టెన్స్ పైన ఉంది కాబట్టి అది పెరిగితే వేడీ పెరగాలి. తగ్గుతుందనుకున్న వాళ్ల దగ్గరా ఒక ఫార్ములా ఉంది. పవర్ అంటే వోల్టేజ్ స్క్వేర్ బై రెసిస్టెన్స్. ఇక్కడ రెసిస్టెన్స్ కింద ఉంది కాబట్టి అది పెరిగితే వేడి తగ్గాలి. రెండూ పదో తరగతి పుస్తకంలోవే. తెలుగు మీడియం వాళ్లు 'నిరోధం' పేరుతో చదివింది కూడా ఇదే పాఠం. రెండూ కరెక్టే. మరి ఎదురెదురు జవాబులు ఎలా చెబుతున్నాయి?

మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ వైవాల్లో ఎక్స్‌టర్నల్స్‌కి ఇది చాలా ఇష్టమైన ప్రశ్న. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా ఈ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే దీని జవాబు మార్కులతో ఆగిపోదు. మీ గదిలో ఎక్స్‌టెన్షన్ బోర్డు కాలిపోతుందా లేదా, ఊళ్లో మోటారు ఉంటుందా పోతుందా అనేది కూడా ఇందులోనే ఉంది.

అసలు వేడి ఎక్కడిది?

తీగలో కరెంటు అంటే ఎలక్ట్రాన్ల కదలిక. లోహం లోపల అణువులు ఊరికే ఉండవు, ఉన్నచోటే వణుకుతుంటాయి. వోల్టేజ్ తోస్తుంటే ఎలక్ట్రాన్లు వాటి మధ్య నుంచి వెళ్తూ గుద్దుకుంటాయి. గుద్దుకున్న ప్రతిసారీ కొంత శక్తి అణువుల చేతికి పోతుంది, వాటి వణుకు పెరుగుతుంది. ఆ వణుకునే మనం వేడి అంటున్నాం. రద్దీ బస్సులో వెనక నుంచి ముందుకు దిగడానికి వెళ్తే ఎంతమందికి భుజం తగులుతుందో ఊహించుకోండి. రెసిస్టెన్స్ అంటే దాదాపు అదే.

దీన్ని మొదట లెక్కగా తేల్చినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. ఇంగ్లండ్‌లోని సాల్ఫోర్డ్‌లో వాళ్లది బీరు తయారుచేసే కుటుంబం. 1840లో, ఇంకా కుర్రాడుగా ఉన్నప్పుడే, తీగ చుట్టను నీళ్లలో ముంచి, కరెంటు పంపించి, థర్మామీటర్‌తో నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు. కరెంటు రెట్టింపు చేస్తే వేడి రెట్టింపు కాలేదు, నాలుగింతలైంది. మూడింతలు చేస్తే తొమ్మిదింతలు. కరెంటు అంతే ఉంచి రెసిస్టెన్స్ రెట్టింపు చేస్తే వేడి కూడా రెట్టింపే. తర్వాత కొద్దికాలానికి రష్యాలో లెంజ్ కూడా విడిగా ఇదే తేల్చాడు. అందుకే కొన్ని పుస్తకాల్లో జౌల్-లెంజ్ నియమం అని ఉంటుంది.

ఆ 'స్క్వేర్' ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ రోజు మన కథలో విలన్ అదే.

గొడవ తీరే చోటు

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. దాన్ని సగమే అడిగాం కాబట్టే జవాబు తేలట్లేదు. రెసిస్టెన్స్ పెరిగేటప్పుడు ఏది మారకుండా ఉంది? వోల్టేజా, కరెంటా? అది చెప్పకుండా జవాబు చెప్పలేం.

ఒక లెక్క చూద్దాం. మీ ఇంట్లో 2000 వాట్ల గీజర్ ఉంది. మన లైను 230 వోల్టులు. అంటే గీజర్ 8.7 ఆంపియర్లు లాగుతుంది, దాని కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 26 ఓమ్‌లు. పక్కనే పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంది. వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్స్ సుమారు 880 ఓమ్‌లు.

ఇంట్లో ఇవి రెండూ విడివిడిగా లైనుకి తగులుకుని ఉంటాయి. ఎవరికి వాళ్లకి పూర్తి 230 వోల్టులు దక్కుతాయి. ఇక్కడ రెసిస్టెన్స్ తక్కువున్న గీజర్‌దే గెలుపు. బల్బు 60 దగ్గర ఆగిపోతే గీజర్ 2000 వాట్లు పుట్టిస్తుంది. రెసిస్టెన్స్ తగ్గితే వేడి పెరిగింది. షార్ట్ సర్క్యూట్ అంత ప్రమాదం అనేది కూడా ఇందుకే. రెసిస్టెన్స్ దాదాపు సున్నాకి పడిపోతే కరెంటు వందల ఆంపియర్లకి ఎగిరిపోతుంది.

ఇప్పుడు అవే రెండింటినీ ఒకే దారిలో, ఒకదాని వెనక ఒకటి కలిపామనుకుందాం. (కాగితం మీదే. ఇంట్లో ట్రై చేయకండి.) మొత్తం రెసిస్టెన్స్ 906 ఓమ్‌లు. రెండిట్లోనూ ఒకే కరెంటు, పావు ఆంపియర్. బల్బు దాదాపు మామూలుగానే వెలుగుతుంది, సుమారు 57 వాట్లు. గీజర్‌కి దక్కేది రెండు వాట్లు కూడా ఉండదు. నీళ్లు చల్లగానే ఉంటాయి. ఇక్కడ రెసిస్టెన్స్ ఎక్కువున్న వాడిది గెలుపు.

అవే వస్తువులు, అదే కరెంటు సప్లై. కలిపిన తీరు మారేసరికి గెలిచేది మారిపోయింది. కాబట్టి రూలు ఇలా రాసుకోండి. వోల్టేజ్ ఒకటే అయితే రెసిస్టెన్స్ తక్కువున్న చోట వేడి ఎక్కువ. కరెంటు ఒకటే అయితే రెసిస్టెన్స్ ఎక్కువున్న చోట వేడి ఎక్కువ.

గీజర్ లోపలి కాయిల్ కాగిపోతుంటే గోడలోని వైరు ఎందుకు చల్లగా ఉంటుందో కూడా తేలిపోయింది కదా. రెండిట్లోనూ అదే 8.7 ఆంపియర్లు పోతున్నాయి. కాయిల్‌ని నికెల్, క్రోమియం కలిపిన నైక్రోమ్ తీగతో చేస్తారు. ఒకే కొలత తీగ తీసుకుంటే రాగి కంటే నైక్రోమ్‌కి రెసిస్టెన్స్ 60 రెట్లకు పైగా ఎక్కువ. వేడి ఎక్కడ కావాలో అక్కడ నైక్రోమ్, ఎక్కడ వద్దో అక్కడ లావుపాటి రాగి. ఇస్త్రీ పెట్టె, టోస్టర్, రాడ్ హీటర్ అన్నిటి డిజైనూ ఇంతే.

చిక్కల్లా మనం పెట్టని చోట రెసిస్టెన్స్ వచ్చి కూర్చున్నప్పుడే.

చేపల వాసన

ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్‌లో ఒక పీజీలో ఉండేవాణ్ని. చలికాలం, పొద్దున్నే ఎనిమిది మంది స్నానాలకి ఒకటే గీజర్. వారం రోజులుగా కారిడార్‌లో చేపలు మాడిన వాసన. కిందింటి వాళ్లు వండుతున్నారని అందరూ అనుకున్నారు. ఒక రోజు గీజర్ సాకెట్ పక్కన గోడకి గోధుమ రంగు మరక కనిపించింది. ఓనర్ ఆంటీ ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు.

ఆయన మెయిన్ ఆపి సాకెట్ ఊడదీశాడు. లోపల ఫేజ్ వైరు ఇన్సులేషన్ నల్లగా మాడి పొడిపొడిగా రాలిపోతోంది. సాకెట్ వెనక ప్లాస్టిక్ కరిగి వంగిపోయింది. "స్క్రూ లూజు సార్, అంతే" అన్నాడు.

ఆంటీ అడిగిన ప్రశ్న మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. "మరి ఎంసీబీ ఎందుకు పడలేదు బాబూ? కొత్తదే కదా పెట్టించాం!"

"ఎంసీబీకి ఇది కనపడదమ్మా" అన్నాడాయన. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. లెక్క వేసి చూడండి.

బాగా బిగించిన జాయింట్ దగ్గర రెసిస్టెన్స్ 0.01 ఓమ్ అనుకుందాం. 8.7 ఆంపియర్లు పోతుంటే అక్కడ పుట్టే వేడి ఒక వాటు కూడా ఉండదు. స్క్రూ వదులైంది, పిన్ను మీద తుప్పు పట్టింది, రెసిస్టెన్స్ అర ఓమ్‌కి పెరిగింది. అర ఓమ్ అంటే ఏమంత? కానీ ఆ ఒక్క చోట వేడి ఇప్పుడు 36 వాట్లు. మొబైల్ రిపేర్ షాపులో చూసే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లే. అంతకంటే ఎక్కువ వేడిని ప్లాస్టిక్ డబ్బాలో, గోడ లోపల, గంటసేపు మూసిపెట్టినట్టన్నమాట.

ఇంతకీ గీజర్ లాగే కరెంటు ఎంత? 8.7 నుంచి 8.5కి తగ్గింది. అవును, తగ్గింది! దారిలో రెసిస్టెన్స్ పెరిగితే కరెంటు తగ్గాల్సిందే. ఎంసీబీ చూసేది ఒక్కటే, కరెంటు తన హద్దు దాటిందా లేదా. 16 ఆంపియర్ల ఎంసీబీకి 8.5 అంటే అంతా ప్రశాంతం. లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ కూడా కదలదు. వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తోంది కాబట్టి దానికీ తేడా కనిపించదు. గీజర్‌లో నీళ్లు కూడా మామూలుగానే కాగుతాయి. దానికి 2000 బదులు 1925 వాట్లు అందుతున్నాయి, మీకేం తెలుస్తుంది?

ఇంకాస్త ముందుకెళ్దాం. జాయింట్ రెసిస్టెన్స్ 2 ఓమ్‌లైతే అక్కడ 130 వాట్లు. 26 ఓమ్‌లు, అంటే గీజర్ కాయిల్‌తో సమానమైతే, 500 వాట్లు. అదే గరిష్ఠం. అక్కడి నుంచి రెసిస్టెన్స్ ఇంకా పెరిగితే కరెంటు బాగా పడిపోయి వేడి తగ్గడం మొదలవుతుంది. 1000 ఓమ్‌ల దగ్గర 50 వాట్లు, వైరు పూర్తిగా తెగిపోతే సున్నా. మొదట పెరిగి, తర్వాత తగ్గింది. మన రెండు ఫార్ములాలూ ఒకే జాయింట్‌లో, ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి.

దీనికి తోడు ఇది తనంతట తాను ముదిరే జబ్బు. వేడెక్కిన లోహం మీద ఆక్సైడ్ పొర పడుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. సాకెట్‌లో పిన్నుని పట్టుకునే ఇత్తడి పట్టు వేడికి మెత్తబడి సడలుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. మా భాషలో చెప్పాలంటే బ్రేక్ కండిషన్ లేని లూప్. ఎక్కడో ఒకచోట ప్లాస్టిక్ అంటుకునేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఎక్స్‌టెన్షన్ బోర్డు లెక్క

హాస్టల్, పీజీ బ్యాచ్ ఇది శ్రద్ధగా చదవండి.

మార్కెట్లో చవకగా దొరికే చాలా ఎక్స్‌టెన్షన్ బోర్డుల వైరు 0.75 స్క్వేర్ ఎంఎం. కేబుల్ మీద చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి. ఐదు మీటర్ల వైరంటే వెళ్లే దారి, వచ్చే దారి కలిపి పది మీటర్ల రాగి. రెసిస్టెన్స్ సుమారు 0.26 ఓమ్. దానికి 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ తగిలిస్తే వైరులోనే దాదాపు 20 వాట్లు వేడిగా పోతాయి. అదే 2.5 స్క్వేర్ వైరైతే ఆరు వాట్లే.

ఇప్పుడు అదే బోర్డుకి 1500 వాట్ల రాడ్ హీటర్ కూడా తగిలించారు. లోడు 2000 నుంచి 3500కి, అంటే రెట్టింపు కూడా కాలేదు. కానీ స్క్వేర్ ఉంది కదా. వైరులో వేడి 20 నుంచి 60 వాట్లకి, మూడింతలైంది. కరెంటు 15.2 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఇప్పుడూ పడదు. ఎందుకంటే అది గోడలోని వైరుని కాపాడటానికి పెట్టింది. మీరు షాపులో కొన్న సన్న వైరు సంగతి దానికి తెలియదు.

వైరు పొడవుగా పరిచి ఉంటే ఆ వేడి గాలిలోకి పోతుంది. అందంగా చుట్ట చుట్టి మంచం కింద పెడితే చుట్ట మధ్యలో వేడి బయటికి పోయే దారి లేదు. ఎంత వేడి పుట్టిందనేది సగం కథే. అది ఎంత త్వరగా బయటికి పోతుందనేది మిగతా సగం.

ఫ్యూజు ఎందుకు సన్నగా ఉంటుంది?

ఇదే సూత్రాన్ని మనకి కాపలాగా పెట్టుకున్నదే ఫ్యూజు. లైన్లో కావాలనే ఒక సన్నటి తీగ పెడతారు. కరెంటు హద్దు దాటితే మిగతా వైరు కంటే ముందు అది వేడెక్కి కరిగి తెగిపోతుంది. ఇల్లు కాలకుండా తాను కాలిపోతుంది.

ఊళ్లల్లో 'ఫ్యూజు ఊరికే పోతోంది' అని వైరులోంచి నాలుగు రాగి పోగులు తీసి మెలిపెట్టి చుట్టేయడం మనందరం చూశాం. ఇక ఫ్యూజు పోదు. నిజమే. కానీ సర్క్యూట్‌లో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇప్పుడు ఫ్యూజు డబ్బాలో లేదు. గోడలోనో, ఇంటి కప్పులోనో, మోటారు వైండింగ్‌లోనో ఉంది. ముందు కాలిపోయేది అదే.

మోటారు కాలిందంటే

మాది నల్గొండ జిల్లా. మా పెదనాన్నకి బోరు కింద ఐదు హెచ్‌పీ మోటారు ఉంది. ఒక యాసంగిలో వరి పొట్ట మీదున్నప్పుడు మోటారు కాలింది. బోర్లోంచి పైకి లాగడం, టౌన్‌కి మోసుకెళ్లడం, రీవైండింగ్, మళ్లీ దించడం, అంతా కలిపి ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ పెదనాన్న ఇంట్లో సరిగ్గా అన్నం తినలేదు. పక్క రైతు బోరు నుంచి రాత్రిపూట నీళ్లు పెట్టుకుని సగం మడి దక్కించుకున్నాడు.

"ఓల్టేజీ తక్కువొస్తే మోటారు నెమ్మదిగా తిరగాలె గానీ కాలుడేందిరా?" అని నన్నడిగాడు. మంచి ప్రశ్న. హీటర్ కాయిలైతే వోల్టేజ్ తగ్గితే చల్లబడుతుంది. మోటారు అలా కాదు. అంత లోతు నుంచి నీళ్లు తోడే పని తగ్గలేదు కాబట్టి దాదాపు అంతే పవర్ కావాలి. వోల్టేజ్ తగ్గితే ఆ లోటు పూడ్చడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. వోల్టేజ్ 20 శాతం పడితే కరెంటు సుమారు 25 శాతం పెరుగుతుంది. వైండింగ్ రెసిస్టెన్స్ అదే, కానీ స్క్వేర్ వల్ల వేడి 50 శాతానికి పైగా పెరుగుతుంది. వైండింగ్ మీద ఉండేది పల్చటి ఇన్సులేషన్ పూత. మామూలు ఉష్ణోగ్రత కంటే ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు వాడే మోటు లెక్క.

మరి వోల్టేజ్ ఎందుకు పడుతుంది? అదీ రెసిస్టెన్సే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కిలోమీటర్ల దూరం 415 వోల్టుల లైను లాగితే దారిలోనే వోల్టేజ్ తరిగిపోతుంది, తీగలు వేడెక్కి కరెంటు వృథా అవుతుంది. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి స్టార్ట్ అయితే ఇంకా ఘోరం. స్టార్టింగ్‌లో మోటారు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది.

దీనికి మందు కూడా ఆ స్క్వేర్‌లోనే ఉంది. అదే పవర్‌ని 415కి బదులు 11,000 వోల్టుల్లో పంపితే కరెంటు 26 రెట్లు తగ్గుతుంది. అదే తీగలో వేడి నష్టం దాదాపు 700 రెట్లు తగ్గుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ లైన్లకి హెచ్‌వీడీఎస్ పేరుతో తెచ్చిన పద్ధతి ఇదే. 11 కేవీ లైనుని పొలాల దాకా తీసుకొచ్చి, కొద్దిమంది రైతులకి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. రామగుండం నుంచి హైదరాబాద్‌కి కరెంటు 400 కేవీలో రావడానికీ కారణం ఇదే లెక్క.

మీ ఫోన్ ఫాస్ట్ చార్జర్‌లో కూడా ఈ లెక్కే ఉంది. 18 వాట్లు ఇవ్వాలంటే 5 వోల్టుల్లో 3.6 ఆంపియర్లు పంపాలి, 9 వోల్టుల్లో అయితే 2 ఆంపియర్లు చాలు. రెండో పద్ధతిలో కేబుల్‌లో పుట్టే వేడి మూడో వంతు కంటే తక్కువ. అందుకే యూఎస్‌బీ-సీ కొత్త ప్రమాణం 240 వాట్లని 48 వోల్టుల్లో ఇస్తుంది. కరెంటు మాత్రం 5 ఆంపియర్లు దాటనివ్వదు.

ఈ ఆదివారం పది నిమిషాలు

ఇవి చేయడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

1. గీజర్, ఏసీ, ఇండక్షన్ స్టవ్ అరగంట వాడాక స్విచ్ ఆపి, ప్లగ్గు పైన ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టండి. పిన్నులు ముట్టుకోవద్దు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి వెనక్కి తీసుకునేంత వేడిగా ఉంటే ఆ సాకెట్ వాడకం ఆపేయండి.

2. సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమ రంగు, కరిగిన అంచు, చేపల వాసన, చిటపట శబ్దం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. సాకెట్ మార్చడంతో సరిపెట్టకుండా మాడిన వైరు కొస కూడా కత్తిరించి కొత్తగా బిగించమనండి. మాడిన రాగి మీద కొత్త స్క్రూ బిగించినా రెసిస్టెన్స్ తగ్గదు.

3. 6 ఆంపియర్ల సాకెట్ మోయగలిగేది 1380 వాట్లు. గీజర్, స్టవ్, రాడ్ హీటర్ 16 ఆంపియర్ల సాకెట్‌లోనే, నేరుగా. మధ్యలో ఎక్స్‌టెన్షన్, మల్టీప్లగ్ వద్దు.

4. ప్లగ్గు వదులుగా ఊగుతుంటే కాగితం ముక్క దోపి సర్దకండి. ఆ సాకెట్ మార్చాల్సిందే.

5. ఊళ్లో ఫ్యూజు డబ్బాలో రాగి పోగులు ఉన్నాయేమో ఈసారి ఫోన్ చేసినప్పుడు ఇంట్లో అడగండి. ఉంటే సరైన ఫ్యూజు తీగో, ఎంసీబీయో పెట్టించండి.

మొత్తం ఖర్చు ఒక సినిమా టికెట్, పాప్‌కార్న్ కంటే ఎక్కువ కాదు. మా పీజీలో ఆ రోజు మార్చింది ఒక సాకెట్, అరమీటరు వైరు. ఎలక్ట్రీషియన్ పని ముగించి మెయిన్ వేశాక, మిగతా ఏడు సాకెట్ల స్క్రూలు కూడా చూసి వెళ్లమన్నాం. మూడు వదులుగా ఉన్నాయి.